సమాచార ప్రసార వేగములు : ఎనిమిదియు, పదియు

ఒకే పేరు గల కొలత అన్ని తావులందును ఒకే పరిమాణమును తెలుపదు. పూర్వము మదరాసు రాజధానిలో తూనిక శేరు 24 తులములు. బెంగాలు శేరు 80 తులములు. ఈ భేదము నెరుగక బేరమాడిన వర్తకునకు నష్టము తప్పెడిది కాదు. కంప్యూటర్ల సమాచార వేగమును గణించుటయందును ఇట్టి చిక్కే కలదు. మోడెముల వేగమును బిట్లలో చెప్పుదురు. నిల్వ సాధనముల వేగమును తరచుగా బైట్లలో చెప్పుదురు. ఒకదానిని మరియొకదానిలోనికి మార్చు విధమును వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

సున్నను గాని ఒకటిని గాని తెలుపునది బిట్టు. ఎనిమిది బిట్లు ఒక బైటు. వేగమును చెప్పునపుడు కిలో అనగా 1,000. మెగా అనగా 10 లక్షలు. గిగా అనగా 100 కోట్లు. నిల్వ పరిమాణమును చెప్పునపుడు మాత్రము కిలోబైటును 1,024 బైట్లుగా గణించు వాడుకయు కలదు.

బాడ్ అను మాట వేరొకటి. ఫ్రెంచి తంతివార్తా నిపుణుడగు ఎమిల్ బోదో (1845–1903) పేరు నుండి ఇది పుట్టినది. తంతిపై సంకేతము సెకనునకు ఎన్ని మారులు మారగలదో ఆ సంఖ్యయే బాడ్. బెల్ 103 మోడెములో ఒక్కొక్క సంకేతము ఒక్క బిట్టునే మోసెడిది. కావున అందు 300 బాడ్ అనగా 300 బిట్లే. వి.22 బిస్ పద్ధతిలో సంకేతమునకు 4 బిట్లు చొప్పున 600 బాడ్‌కు 2,400 బిట్లు సాగును. బాడ్‌నే బిట్టుగా భావించినచో లెక్క నాలుగవ వంతునకు దిగిపోవును.

ఇక బిట్లను బైట్లుగా మార్చుట. బైటునకు ఎనిమిది బిట్లు గనుక ఎనిమిదిచే భాగించిన చాలునని తోచును. కాని పాత మోడెములందు ఒక బైటు ఎప్పుడు వచ్చునో గ్రహించు యంత్రమునకు ముందుగా తెలియదు. అందుచే ప్రతి బైటునకు ముందు ఒక ఆరంభ బిట్టును, చివర ఒక విరామ బిట్టును చేర్చి పంపెడివారు. ఎనిమిది బిట్ల సరకునకు పది బిట్ల ప్రయాణము. కావున 300 బిట్ల మోడెము సెకనునకు 30 బైట్లను, 9,600 బిట్ల మోడెము 960 బైట్లను మాత్రమే చేర్చును. తరువాత వచ్చిన వి.42 దోషనివారణ పద్ధతిలో ఆరంభ విరామ బిట్లు తంతిపై సాగవు. అందుచే 1998 నాటి 56,000 బిట్ల వి.90 మోడెమునకు ఎనిమిదిచే భాగింపగా వచ్చు 7,000 బైట్లే పరమావధి. తంతి స్థితిని బట్టి వేగము ఇంకను తగ్గును.

నిల్వ సాధనములందును ఈ పది మరల కనబడును. పాత సమాంతర ఏటీఏ వేగమును 133 మెగాబైట్లని నేరుగా బైట్లలోనే చెప్పిరి. అచట భాగహారముతో పనిలేదు. 2003లో వెలువడిన సాటా వేగము మాత్రము 1.5 గిగాబిట్లు. దీనిని ఎనిమిదిచే భాగించిన 187.5 మెగాబైట్లు వచ్చును. కాని అది తప్పు. ఐబీఎం సంస్థకు చెందిన విడ్మర్, ఫ్రానాషెక్ అనువారు 1983లో ప్రకటించిన సంకేత విధానము ననుసరించి అందు ప్రతి ఎనిమిది బిట్లను పది బిట్లుగా మార్చి పంపుదురు. సున్నలును ఒకట్లును సమతూకముగా నుండుటకును, గ్రహించు యంత్రము కాలగతిని తప్పకుండుటకును ఇది అవసరము. కావున సరియైన వేగము 150 మెగాబైట్లు. మోడెమునందును సాటాయందును భాజకము పదియే. కారణములు మాత్రము వేరు.

అట్లని అంతటను పదిచే భాగింపరాదు. 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2.0కు భాజకము ఎనిమిదియే. అందు 60 మెగాబైట్లు గరిష్ఠ పరిమితి. 2010 నాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 ప్రమాణమున 128 బిట్లకు 130 బిట్లు సాగును.

ఒక ఉదాహరణము. పాత యంత్రమొకదానిలో 20 మెగాబైట్ల రచనలును లెక్కలును కలవు. 9,600 బిట్ల సీరియల్ పోర్టు మాత్రమే పనిచేయుచున్నది అనుకొందము. ఎనిమిదిచే గణించినచో నకలు తీయుటకు 4 గంటల 38 నిమిషములు చాలునని తోచును. నిజమునకు పట్టునది 5 గంటల 47 నిమిషములు. చక్రము ఏ క్షణమున నిలిచిపోవునో తెలియని యంత్రమునకు ఈ 69 నిమిషములు స్వల్పము కావు. ముందే తెలిసినచో అత్యవసరమైన వానిని మొదట తీసికొనవచ్చును. స్వీకరించు వైపున సాటా డిస్కు ఉన్నను ప్రయోజనము లేదు. చెరువెంత పెద్దదైనను తూము మేరకే నీరు పారును.

తెలుగునకు మరియొక విశేషము కలదు. యూనికోడ్‌లోని యూటీఎఫ్-8 విధానమున ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగులో ప్రతి అక్షర సంకేతమునకును, గుణింతపు గుర్తునకును మూడేసి బైట్లు వలయును. “తెలుగు” అను మాటలో మూడు హల్లులు, మూడు గుర్తులు. వెరసి 18 బైట్లు. పాత 300 బిట్ల మార్గమున ఈ ఒక్క మాట చేరుటకు 0.6 సెకను పట్టును.

కావున వేగమును చూచినంతనే భాగింపరాదు. చెప్పినది బిట్లా బైట్లా, ఆ మార్గమున ఒక బైటు ఎన్ని బిట్లుగా సాగును, నిల్వ లెక్కలో కిలో 1,000యా 1,024యా అను మూడింటిని తేల్చుకొనిన పిదప లెక్క వేయవలెను.