మీకు తెలుసా? పోస్టులో వచ్చిన తొలి రాన్సమ్‌వేర్

ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ తొలిసారి బయటపడింది బ్యాంకుల్లో కాదు, ఆరోగ్య సమాచారం ముసుగులో! 1989 డిసెంబరులో ఎయిడ్స్ సమాచారం పేరిట సుమారు 20,000 ఫ్లాపీలు పోస్టులో వెళ్లాయి. అందుకున్నవారిలో వైద్య పరిశోధకులూ ఉన్నారు. ఫ్లాపీ ఎక్కించాక కంప్యూటర్ దాదాపు 90 సార్లు ఆన్ అయ్యేదాకా కిమ్మనేది కాదు. ఆ తర్వాత ఫైళ్ల పేర్లన్నీ గజిబిజి! 189 డాలర్లు పనామాలోని పోస్టుబాక్సుకు పంపాలట. నిందితుడు జోసెఫ్ పాప్ స్వయంగా జీవశాస్త్రవేత్త కావడం విడ్డూరం.

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌కూ ఈ బెడద తప్పలేదు. 5 సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడింది. రోజుల తరబడి రోగుల వివరాలు చేత్తో రాసుకున్నారు. ఈ-హాస్పిటల్ డేటాను చివరికి బ్యాకప్ సర్వర్ నుంచే తిరిగి రాబట్టారు.