కుట్టు కార్ఖానాలో లోపనివారణ

పది కుట్టు మిషనులతో నడచు ఒక చిన్న కార్ఖానాను ఊహించుకొందము. నూరు చొక్కాలు కుట్టి పంపగా కొనుగోలుదారు ఎనిమిదింటిని త్రిప్పి పంపినాడు. ఒకదాని కాలరు వంకర. మరొకదాని చేతులు రెండును రెండు ఛాయలు. పెద్ద మిల్లు ఈ నష్టమునకు తట్టుకొనగలదు. చిన్న యజమాని లాభమో, ముక్కకింతని కుట్టువారి కూలియో అందులోనే కరగిపోవును. కావున వాణిజ్య విద్యార్థులమైన మనకిది తెలిసికొనదగిన విషయము.

సాధారణముగా చొక్కా పూర్తియైన పిమ్మటనే తనిఖీ జరుగును. అప్పటికి బట్టయు, దారమును, శ్రమయు ఖర్చయి యుండును. లోపమును అది పుట్టిన చోటనే పట్టుకొనుట మేలని మా అభిప్రాయము.

మొదటి చోటు బట్ట. తానును వెలుతురులో విప్పి చూడవలెను. ఇందుకు నాలుగు పాయింట్ల పద్ధతి కలదు: 3 అంగుళముల వరకు గల లోపమునకు 1, 6 వరకు 2, 9 వరకు 3, అంతకు మించినచో 4 పాయింట్లు. 100 చదరపు గజములకు 40 పాయింట్లు దాటిన తానును సాధారణముగా తీసికొనరు. నూలుబట్ట ఉతికిన కుదించుకొనును. ఒక ముక్కపై గుర్తులు పెట్టి, ఉతికి, మరల కొలిచి, ఆ మేరకు కొలతలు పెంచవలెను.

రెండవది కత్తిరింపు. పొరలు మితిమీరి పేర్చినచో పై ముక్కకును అడుగు ముక్కకును కొలత తప్పును. ఒక్కొక్క పొరలోని ముక్కలన్నిటికి ఒకే సంఖ్య వేసి, వానినే కలిపి కుట్టినచో ఛాయాభేదము రాదు.

మూడవది కుట్టు. మొద్దుబారిన సూది పోగులను తెంచును. సూదిని వేళకు మార్చవలెను. మొదటి ముక్కను మాదిరితో సరిచూచిన పిమ్మటనే మిగిలినవి కుట్టవలెను.

ఇక మిగిలినది మనిషి. కనబడిన ప్రతి లోపమునకు కాగితముపై ఒక గీత గీచినచో, వారాంతమునకు ఏ లోపము అధికమో తేలును. కాని లోపము చెప్పినవారి కూలి కోసినచో రేపటినుండి ఎవరును చెప్పరు, దాచెదరు. పనివారే కూర్చుండి కారణములు వెదకు క్వాలిటీ సర్కిళ్లు జపానులో 1962లో మొదలైనవి. మన దేశమున 1980లో, హైదరాబాదు చెంత రామచంద్రాపురము భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారములో ప్రారంభమైనవి. అంతటి కర్మాగారమునకు పనికివచ్చిన పద్ధతి పది మిషనుల గదికి పనికిరాదా?

కళాశాల సంఘము అనుమతించినచో, ఈ సెలవులలో మనము పొరుగునగల ఒక కార్ఖానాకు పోయి, వారముపాటు ఆ గీతలు గీచి చూతము. దానికి కావలసినది ఒక కాగితము, ఒక పెన్సిలు, కొంత ఓపిక మాత్రమే.