పాత ఆపరేషను, కొత్త కడుపునొప్పి: పేగు అతుకులకు కోత లేని చికిత్స

మురుగమల్ల, చింతామణి, బాగేపల్లి పరిసరాల నుండి బెంగళూరుకు వచ్చి స్థిరపడిన మన కుటుంబాలలో ఎవరో ఒకరికి కడుపు ఆపరేషను జరిగి ఉండడం సాధారణమే. సిజేరియను కాన్పు, గర్భసంచి తొలగింపు, అపెండిసైటిస్ వంటివి ఏవైనా కావచ్చు. కుట్లు విప్పారు, గాయం మానింది, కాగితాలు ఊరిలోని ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి. పది, ఇరవై ఏళ్ల తరువాత ఒక రాత్రి కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి వచ్చి తగ్గుతూ, మళ్లీ వస్తుంది. పచ్చని వాంతులవుతాయి. పొట్ట ఉబ్బుతుంది. మలమూ అపానవాయువూ రెండూ స్తంభిస్తాయి. ఆ నొప్పికి ఆనాటి కోతతో సంబంధం ఉండవచ్చునని చాలామందికి తోచదు.

కడుపు లోపలి గాయం మానేటప్పుడు దారాల వంటి, పొరల వంటి కణజాలం ఏర్పడి, పేగును పేగుకో, పొట్టగోడకో అతికిస్తుంది. వీటినే అతుకులు అంటున్నాము. ఇవి చాలామందిలో ఏ బాధా కలిగించవు. కొందరిలో మాత్రం పేగు వాటి చుట్టూ మడతపడి దారి మూసుకుంటుంది. పెద్దలలో చిన్న పేగు అడ్డంకికి అన్నిటికన్న ముఖ్యమైన కారణం ఇదే.

అడ్డంకి అనగానే మళ్లీ కోత తప్పదని భయపడనవసరం లేదు. ప్రాణాపాయ లక్షణాలు లేనివారిలో అధికభాగం కోత లేకుండానే కోలుకుంటారు. పైగా ప్రతి ఆపరేషనూ కొత్త అతుకులకు అవకాశమిస్తుంది. కనుక వైద్యులు తొందరపడకపోవడంలో అర్థముంది.

ఈ చికిత్సలో తొలి మెట్టు నోటి ద్వారా ఏమీ ఇవ్వకపోవడం. అయితే మనం తినకపోయినా లాలాజలం, జఠరరసం, పైత్యరసం మొదలైనవి కలిసి రోజుకు సుమారు 7 లీటర్ల ద్రవం పేగులలోకి ఊరుతుంది. దారి మూసుకుంటే అదంతా వెనుకకు నిలిచి పేగును ఉబ్బిస్తుంది. అందుకే ముక్కు గుండా జఠరంలోకి సన్నని గొట్టం వేసి ద్రవాన్ని, గాలిని బయటికి తీస్తారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ శస్త్రవైద్యుడు ఓవెన్ వాంగెన్‌స్టీన్ 1930ల దశకంలో ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. గొట్టం వేసేటప్పుడు ఇబ్బందిగానే ఉంటుంది, కాని రోగి దానిని లాగివేయడం తనకు తానే హాని చేసుకోవడం. కోల్పోయిన నీటిని, లవణాలను సెలైను ద్వారా భర్తీ చేస్తారు. రక్తంలో పొటాషియం తగ్గితే పేగు కదలిక మరింత మందగిస్తుంది గనుక దానిని ప్రత్యేకంగా చూస్తారు.

పిమ్మట నీటిలో కరిగే అయోడిన్ ద్రవాన్ని, అనగా గాస్ట్రోగ్రాఫిన్ వంటి దానిని, అదే గొట్టం ద్వారా ఇచ్చి ఎక్స్‌రే తీయవచ్చు. అది 24 గంటలలోగా పెద్ద పేగుకు చేరితే అడ్డంకి దానంతట విడిపోతుందని చాలావరకు నమ్మవచ్చు. అపాయ లక్షణాలు లేనంతవరకు 72 గంటల దాకా వేచి చూడడం సురక్షితమని శస్త్రవైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అయితే ఈ నిరీక్షణ ఆసుపత్రి మంచం మీదనే జరగాలి, ఇంట్లో కాదు. మెలిపెట్టే నొప్పి ఎడతెగని నొప్పిగా మారినా, జ్వరం వచ్చినా, నాడి వేగం పెరిగినా, పొట్ట గట్టిపడి తాకనివ్వకపోయినా పేగుకు రక్తప్రసరణ ఆగుతున్నదని అనుమానించాలి. అప్పుడు వెంటనే ఆపరేషను చేయవలసిందే. గజ్జలో గాని పాత కోత వద్ద గాని నొప్పితో కూడిన గడ్డ కనిపిస్తే అది హెర్నియా కావచ్చు. దానికీ ఆలస్యం పనికిరాదు.

ఇక్కడే మన అలవాట్లు ముప్పు తెస్తాయి. మలబద్ధకమని ఆముదమో విరేచనాల మాత్రలో వేసుకోవడం, పొట్ట గట్టిగా తోమించుకోవడం చేయరాదు. మూసుకున్న దారి మీదకు పేగును మరింతగా తోయించడమే అవుతుంది. ఇంటివారి మధ్య ఉంటే ధైర్యమని, నగరంలోని అద్దెగది వదలి, చింతామణి దాకా సుమారు 75 కిలోమీటర్లు బస్సులో వాంతులు చేసుకుంటూ ప్రయాణించడం ఇంకా ప్రమాదం. ఎక్కడ ఉంటే అక్కడి నుండే 108కు ఫోను చేయండి. ఆ అంబులెన్సు ఉచితం. పాత ఆపరేషను సంగతి అడగకముందే వైద్యునికి చెప్పండి. ట్రంకు పెట్టెలోని ఆ కాగితాలను తీయించి, ఫోటో తీసి ఫోనులో ఉంచుకోవడం ఈ వారమే చేయదగిన పని.

ఖర్చు విషయానికి వస్తే, 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక పథకం కింద బి.పి.ఎల్. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్సకు సాయముంది. రేషను కార్డు, ఆధారు చేతిలో ఉండాలి.

గాలి, మలం వెడలిన తరువాత మొదట గుక్కెడు నీళ్లు, ఆపై గంజి, మజ్జిగ, మెత్తని అన్నం ఇస్తారు. రాగి సంగటిని నమలక మింగడం మన ప్రాంతపు పద్ధతి; కొన్ని వారాలు దానిని పక్కన పెట్టి, ఏది తిన్నా బాగా నమలడం మేలు. మునగకాయ పిప్పి, పనస తొనల వంటి పీచుపదార్థాలను కూడా అప్పటికి తగ్గించమని వైద్యులు చెబుతారు. అతుకులు లోపలే ఉంటాయి గనుక ఈ బాధ మళ్లీ రావచ్చు. రెండవసారి అవే గుర్తులు కనిపిస్తే, క్రితంసారి తగ్గింది కదా అని ఇంట్లో కూర్చోక, డిశ్చార్జి కాగితంతో వెంటనే అదే ఆసుపత్రికి వెళ్లండి.