బొమ్మ దగ్గర దీపం ఎవరు పెట్టాలి?

సంచికకు నలుగురికీ పనికొచ్చే విషయం ఏదైనా రాయమన్నారు. పరీక్షల గురించి, ఉద్యోగాల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. అందుకని నేను మన పేటల్లో ఉండే మూడు చోట్ల గురించి రాస్తాను. ఒకటి అంబేద్కర్ గారి బొమ్మ, రెండోది కమ్యూనిటీ హాలు, మూడోది ప్రార్థన చేసుకునే గుడి. కులద్వేషంతోనో మతద్వేషంతోనో ఎవరైనా వీటి మీద చెయ్యి వేస్తే ఆ తర్వాత ఏం జరుగుతుందో మనకు తెలుసు. రాస్తారోకో, నిషేధాజ్ఞలు, పేపర్లో ఫొటో. అసలు చెయ్యి పడకముందే వీటిని కాపాడుకోవాలంటే అయ్యే ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురుకాలేదు, మా ఇంట్లోనే ఎదురైంది.

2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. మే 18న ఆ పేరుకు అంబేద్కర్ గారి పేరు చేరుస్తూ ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న అమలాపురంలో దానికి వ్యతిరేకంగా మొదలైన ఆందోళన అల్లర్లుగా మారి, మంత్రి పినిపే విశ్వరూప్ గారి ఇంటికి, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ గారి ఇంటికి నిప్పు పెట్టేదాకా వెళ్ళింది. ఇంటర్నెట్ కొన్నాళ్ళు ఆపేశారు. మా ఊరు అమలాపురానికి దూరమే. అయినా ఆ రాత్రి నుంచి మా పేటలో ఎవరూ కుదురుగా పడుకోలేదు. కాలవ గట్టు మీదున్న బొమ్మ దగ్గర రాత్రికి 6 గురు చొప్పున వంతులు వేసుకుని 20 రాత్రులు కాపలా కాశారు. మా నాన్న కొబ్బరి ఒలుపుకి వెళ్తాడు. రాత్రంతా గట్టు మీద కూర్చున్న మనిషి తెల్లారి ఒలుపు దగ్గర నిలబడలేడు. 6 గురు, 20 రాత్రులు అంటే 120 రాత్రులు. అందులో సగం మందే మర్నాడు పని మానారనుకున్నా 60 రోజుల కూలి పోయినట్టు. ఈ లెక్క ఏ బడ్జెట్లోనూ కనపడదు. పేటవాళ్ళ నిద్రతో, కూలితో నడిచే సెక్యూరిటీ అది.

బొమ్మ దగ్గర అప్పట్లో ఒకటే బల్బు ఉండేది. పక్కింటివాళ్ళు తమ మీటర్ నుంచి వైరు లాగి ఇచ్చిందే. అది మాడిపోతే మళ్ళీ చందాలే. పంచాయతీకి వెళ్తే "ఫండ్స్ లేవు, రాసివ్వండి చూద్దాం" అన్నారు. ఏం రాసివ్వాలో, ఏ లెక్కలో అడగాలో మాలో ఎవరికీ తెలియలేదు. డిగ్రీ చదువుతున్న నాకూ తెలియలేదు. అక్కడే నాకు సిగ్గేసింది.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2012 జనవరిలో అమలాపురంలో ఒక్క రాత్రిలో అంబేద్కర్ విగ్రహాలు ధ్వంసం చేశారు. ఆ గొడవ రాష్ట్రమంతా పాకింది. 2017 ఏప్రిల్‌లో భీమవరం దగ్గర గరగపర్రులో ఊరి మధ్య మిగతా నాయకుల విగ్రహాల సరసన పెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని రాత్రికి రాత్రే తీసేశారు. అడిగినందుకు పేట మొత్తాన్ని పొలం పనుల నుంచి వెలేశారు. చర్చిల సంగతికి వస్తే 2000 జూన్ 8న ఒకే రోజు ఒంగోలు బాప్టిస్టు చర్చిలోను, మన తాడేపల్లిగూడెం కేథలిక్ చర్చిలోను బాంబులు పేలాయి.

ఇంకొకటి మర్చిపోకూడదు. 1985 జులై 17న కారంచేడు ఘోరం జరిగాక బతికి బయటపడ్డవాళ్ళు పరిగెత్తింది చీరాలలోని చర్చి ఆవరణకి. 1991 ఆగస్టు 6 తర్వాత చుండూరు జనం తల దాచుకున్నది తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో. ఇళ్ళు విడిచిపెట్టాల్సి వచ్చినప్పుడు మనవాళ్ళు చేరేది ఇలాంటి చోట్లకే. కాబట్టి హాలు గోడ గురించి, గుడి గేటు గురించి మాట్లాడటం చిన్న విషయం కాదు.

ఇక చట్టం ఏం చెబుతుందో చూద్దాం. కారంచేడు తర్వాత వచ్చిన 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. ఎస్సీ, ఎస్టీలు ప్రార్థనకో నివాసానికో వాడుకునే కట్టడాన్ని నిప్పుతోగాని పేలుడు పదార్థంతోగాని నాశనం చేస్తే యావజ్జీవ శిక్ష పడుతుంది. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణతో సెక్షన్ 3(1)(టి) చేరింది. మనం పవిత్రంగానో గౌరవంగానో చూసుకునే వస్తువును పగలగొట్టినా అపవిత్రం చేసినా నేరం. వస్తువు అంటే విగ్రహం, ఫొటో, చిత్రపటం కూడా అని వివరణలోనే రాశారు. అంతకు ముందు బొమ్మ చెయ్యి విరిస్తే ఆస్తి నష్టం కింద చూసేవాళ్ళు, లేదా శాంతిభద్రతల గొడవగా చూసేవాళ్ళు. ఇప్పుడు అది మన మీద జరిగిన అత్యాచారమే.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఈ సెక్షన్ నిలవాలంటే నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాదని తేలాలి. చీకట్లో జరిగిన పనికి ఎఫ్‌ఐఆర్‌లో "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాస్తారు. మనిషే తెలియనప్పుడు కులం ఎలా తేలుతుంది? అమలాపురం అల్లర్లలో పోలీసులు నిందితుల్ని గుర్తించింది సీసీ కెమెరాల దృశ్యాలు, ఫోన్లలోని వీడియోలు చూసే. బొమ్మ దగ్గర దీపం ఉంటే దొంగచాటు పని చేసేవాడు జంకుతాడు, జంకకుండా చేస్తే సాక్ష్యం మిగులుతుంది. దీపానికి అంత పని ఉంది.

డబ్బు విషయానికి వస్తే చట్టంలో రెండు రకాల మాటలు కనిపిస్తాయి. జరగకముందు ఏం చెయ్యాలన్నది ఒకటి. సెక్షన్ 21 ప్రకారం అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాలను ముందే గుర్తించి, అక్కడివాళ్ళ భద్రతకు చర్యలు తీసుకోవటం ప్రభుత్వ బాధ్యత. 1995 నిబంధనల్లో 3వ నిబంధన దీన్నే విడమరిచింది. కలెక్టరు, ఎస్పీ అలాంటి చోటికి వెళ్ళి పరిస్థితి చూడాలి, అవసరమైతే ప్రత్యేక పోలీసు బలగాన్ని పెట్టాలి. జరిగిన తర్వాత ఏం చెయ్యాలన్నది రెండోది. పరిహారం, పునరావాసం వంటివి. కేంద్రం సగం ఖర్చు భరించే పథకం కింద వచ్చే డబ్బు వేటికి అని చూస్తే ఎస్సీ, ఎస్టీ రక్షణ సెల్, ప్రత్యేక పోలీస్ స్టేషన్లు, ప్రత్యేక కోర్టులు, బాధితులకు సహాయం, కులాంతర వివాహ ప్రోత్సాహకాలు, అవగాహన కార్యక్రమాలు. అన్నీ కావలసినవే. కాని పేట హాలుకి ప్రహరీ, బొమ్మ దగ్గర స్తంభం, గుడికి గేటు అన్న మాట అందులో లేదు. ముందు జాగ్రత్త మాటల్లో ఉంది, డబ్బేమో తర్వాతి పనికి ఉంది. నాకు అర్థమైనంతలో అసలు లోపం ఇదే.

పోల్చి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 2020 సెప్టెంబరులో మన అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. కొత్త రథానికి ప్రభుత్వం 95 లక్షలు మంజూరు చేసింది, 2021 ఫిబ్రవరికి రథం సిద్ధమైంది. ఈలోగా పలుచోట్ల దేవాలయాల్లో ఘటనలు జరగటంతో 13 వేలకు పైగా గుళ్ళలో 40 వేలకు పైగా సీసీ కెమెరాలు పెట్టించినట్టు 2021 జనవరిలో అప్పటి డీజీపీ గౌతం సవాంగ్ ప్రకటించారు. మంచి పనే. గుడికి వచ్చే ముసలమ్మకు కూడా నిశ్చింత కావాలి. కాని గుళ్ళకు దేవాదాయ శాఖ అని ఒక శాఖ ఉంది, ఎన్ని గుళ్ళో, ఎక్కడున్నాయో దాని దగ్గర జాబితా ఉంది. మన జిల్లాల్లో అంబేద్కర్ విగ్రహాలు ఎన్నో, పేటల్లో హాళ్ళు ఎన్నో, వాటిలో దీపం లేనివి ఎన్నో ఏ శాఖ రిజిస్టర్లో ఉన్నాయి? జాబితాయే లేని దానికి డబ్బు ఎవరు విదిలిస్తారు?

బయటి దేశాల్లో దీనికి ప్రత్యేకంగా నిధి పెట్టినవాళ్ళున్నారు. అమెరికాలో ప్రార్థనాలయాలు, సేవా సంస్థల భద్రతకు 2005లో 2.5 కోట్ల డాలర్లతో ఒక గ్రాంటు మొదలైంది, 2023 నాటికి అది 30.5 కోట్ల డాలర్లు అయింది. గుడి, మసీదు, గురుద్వారా, చర్చి, యూదుల ప్రార్థనాలయం ఏదైనా అడగవచ్చు. కెమెరాలు, దీపాలు, కంచె, గట్టి తలుపులు, శిక్షణ ఈ డబ్బుతో చేసుకోవచ్చు. అయితే అడిగేవాళ్ళు తమ చోటుకి ప్రమాదం ఎటునుంచి ఉందో, ఏది బలహీనంగా ఉందో ముందు లెక్క రాసి ఇవ్వాలి. బ్రిటన్‌లో కూడా 2016 నుంచి ప్రార్థనాలయాలకు ఇలాంటి పథకం నడుస్తోంది. నాకు నచ్చింది డాలర్ల సంగతి కాదు, ఆ లెక్క రాయించే పద్ధతి. ఇంతకుముందు జరిగిన ఘటనలు, బెదిరింపులు, చీకటి మూలలు, గేటు లేని వైపు ఇవన్నీ ఒక కాగితం మీదికి వస్తాయి. ఆ కాగితం మనమూ రాయగలం.

రాసి ఎవరికివ్వాలి? 17వ నిబంధన కింద జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉంటుంది. కలెక్టరు ఛైర్మన్. ఎంపీ, ఎమ్మెల్యేలు, ఎస్పీ సభ్యులు. మనవాళ్ళలోంచి అనధికార సభ్యులూ ఉంటారు. మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. దీని సభ్య కార్యదర్శి ఎవరనుకున్నారు? జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి. అంటే మన హాస్టల్ మెస్ బిల్లులు చూసే ఆఫీసే! బియ్యం బాగాలేవని అక్కడికి ఎన్నిసార్లు వెళ్ళామో, ఈ పని కోసం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. డివిజన్ స్థాయిలో ఆర్డీవో అధ్యక్షతన ఇలాంటిదే ఇంకో కమిటీ ఉంది. మీటింగు ఎప్పుడు జరిగిందో, మినిట్స్‌లో ఏముందో సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో చెప్పాలి. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు.

ఇక ఏ లెక్కలో అడగాలి? వీధి దీపాలు 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ తప్పనిసరి పనుల్లో ఒకటి. అది దయ కాదు. హాలు, ప్రహరీ వంటి వాటికి ఎస్సీ సబ్‌ప్లాన్ ఉంది. 2013 చట్టం పదేళ్ళ గడువుతో వచ్చింది, 2023 జనవరిలో ఆర్డినెన్సుతో ఇంకో పదేళ్ళు పొడిగించారు. ఎస్సీ వ్యక్తులకో, కుటుంబాలకో, పేటలకో నేరుగా మేలు చేసే పనికే ఆ డబ్బు వాడాలి. ఎంపీకి ఏటా వచ్చే 5 కోట్ల నిధుల్లో కనీసం 15 శాతం ఎస్సీలు ఉండే ప్రాంతాలకు ఖర్చు పెట్టాలి. కాని ఆ నిధుల్ని ప్రార్థనా స్థలం లోపల వాడకూడదు. అందుకని గుడికి గేటు కావాలని ఎంపీ గారికి అర్జీ పెడితే తిరిగొస్తుంది. గుడి ముందున్న రోడ్డుకి దీపాలు, అందరూ వాడుకునే కమ్యూనిటీ హాలుకి గోడ అని అడగాలి. మాట మార్చడం కాదు, అవసరాన్ని నిబంధనలో పట్టేట్టు చెప్పటం.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది స్థలం కాగితం. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆవేశంలో రోడ్డు మార్జిన్లో రాత్రికి రాత్రి దిమ్మె కట్టేస్తే దానికి ఏ శాఖా రూపాయి ఇవ్వదు. పైగా తీసేయటానికి అవతలివాళ్ళకు సాకు దొరుకుతుంది. పంచాయతీ తీర్మానం, స్థలం సర్వే నంబరు, అనుమతి పత్రం ఈ మూడూ జిరాక్సులు తీసి హాలు బీరువాలో పెట్టుకోవాలి. నాకు తెలిసి చాలా పేటల్లో ఇవి ఎవరి ఇంట్లో ఉన్నాయో కూడా తెలియదు.

బొమ్మ చుట్టూ ఇనప చట్రం బిగించమనేవాళ్ళున్నారు. తమిళనాడులో చాలాచోట్ల అలాగే చేశారు. నా మనసు ఒప్పుకోలేదు. రాజ్యాంగం రాసినాయన్ని బోనులో పెట్టి తాళం మన దగ్గర ఉంచుకుంటామా? మా పేట కుర్రాళ్ళలో కొందరు నాతో ఒప్పుకోలేదు. "నువ్వు రాజమండ్రిలో పడుకుంటావు, రాత్రి కాపలా మాది" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. దీపం, దాని పక్కనే రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉండే చిన్న లైబ్రరీ ఉంటే మనుషుల అలికిడే కాపలా అవుతుందని ఇప్పటికీ నేననుకుంటాను. కెమెరా పెట్టినా దాని కరెంటు బిల్లు ఎవరు కడతారు, పాడైతే ఎవరు బాగుచేయిస్తారు అన్నది అర్జీలోనే తేల్చుకోవాలి. లేకపోతే ఏడాదికి అది పిచికల గూడే.

మేము చివరికి రాసిన అర్జీ రెండు పేజీలు. మొదటి పేజీలో 2012 నుంచి చుట్టుపక్కల జరిగిన ఘటనలు, మా 120 రాత్రుల లెక్క. రెండో పేజీలో బొమ్మ, హాలు, గుడి ఎక్కడున్నాయో చేత్తో గీసిన పటం, చీకటి మూలలకు ఎర్ర ఇంకుతో గుర్తులు. పేటలో సంతకం వచ్చినవాళ్ళు సంతకాలు, రానివాళ్ళు వేలిముద్రలు. మా అమ్మది వేలిముద్రే. కాపీలు పంచాయతీకి, ఆర్డీవో ఆఫీసుకి, సాంఘిక సంక్షేమ ఆఫీసుకి ఇచ్చి మూడు చోట్లా రసీదు తీసుకున్నాం. ప్రహరీ ఫైలు ఇంకా కదులుతూనే ఉంది. దీపాలు మాత్రం వచ్చాయి, రెండు స్తంభాలు, పంచాయతీ లెక్కలోనే. పక్కింటి వైరు తీసేశాం. కరెంటు పోయిన రాత్రి మాత్రం మా నాన్న ఇప్పటికీ లేచి, టార్చిలైటు పట్టుకుని గట్టు దాకా వెళ్ళి చూసొస్తాడు.