పాత పెట్టె విలువెంత? – విశాఖ కొయ్యపని గురించి కొన్ని మాటలు

"ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే" అని పెద్దలన్నారు. ఆ రెండో వెయ్యికి ఒకప్పుడు మన విశాఖపట్నమే పెద్ద బజారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడ దంతం పొదిగి చేసిన కుర్చీలు, రాతబల్లలు, పెట్టెలు ఈనాడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, అమెరికాలో సేలం పట్టణపు పీబడీ ఎసెక్స్ మ్యూజియంలోనూ వున్నాయి. వాటిని అక్కడివాళ్ళు ‘వైజాగపటం’ సామాను అనే అంటారు. మన వూరి పేరే ఒక పనితనానికి పేరైందన్నమాట! పోర్టునీ, ఉక్కు కర్మాగారాన్నీ చూసి మురిసిపోయే మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఈ పని ఇక్కడే పుట్టడానికి కారణాలు లేకపోలేదు. పదిహేడో శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకశాల పెట్టింది. వాళ్ళకు కావలసింది మన నేతబట్ట. బట్ట కోసం వచ్చిన దొరలకు కుర్చీలూ బల్లలూ కావలసివచ్చాయి. బర్మాలోని పెగూ నుంచి టేకు, దంతం ఓడల మీద దిగేవి. పనితనం మన కంసాలి కుటుంబాలది. దొరలు ఇంగ్లండు నమూనా చూపిస్తే, మనవాళ్ళు ఇరుగుడు, నల్లచేవ కర్రల మీద గాడి తీసి దంతపు ముక్కలు పొదిగేవారు. దంతం మీద సన్నని గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపేవారు. నమూనా పరాయిదే అయినా, అంచుల్లో పాకిన పూలతీగ మాత్రం మన అద్దకం బట్టల మీదిదే. పద్దెనిమిదో శతాబ్దం చివరికి పద్ధతి మారింది. పెట్టె మొత్తానికీ పలచని దంతపు రేకు తాపడం చేసి, దాని మీద భవనాల బొమ్మలు చెక్కసాగారు. ఆ తర్వాతి కాలంలో గంధపుచెక్క, కొమ్ము, తాబేటిచిప్ప, ఏదుముళ్ళతో చిన్న పెట్టెలు వచ్చాయి.

సరే, ఒక పాత సామాను నిజంగా పాతదేనా అని తేల్చడం ఎలా? అమెరికాలో తమ తొలినాటి బల్లలనూ బీరువాలనూ సేకరించేవారు మొదట చూసేది ముందువైపు కాదు. సొరుగు బయటికి లాగి అడుగు చూస్తారు, బల్లను బోర్లించి చూస్తారు. ముఖానికి మహాగని వాడినా, కనపడని చోట అక్కడ దొరికే పైను చెక్క వేసేవారు. ఆ చెక్కను బట్టి అది ఏ ప్రాంతపు పనో చెబుతారు. ఈ పద్ధతి మనకూ పనికొస్తుంది.

మొదటి సాక్షి కొయ్యే. మా వూళ్ళో ఎండాకాలం వస్తే బండిచక్రం కొయ్య ఎండి ఇనుపపట్టా వదులవుతుంది. అప్పుడు చక్రాన్ని చెరువులో నానబెడతాం. ఇందులో వున్న సైన్సు ఇంతే: కొయ్య తడి పోయినకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవున దాదాపు కుంచించుకోదు. కాబట్టి ఒకే పలకతో చేసిన గుండ్రటి పాతబల్లను టేపుతో కొలిస్తే, అడ్డకొలత నిలువుకొలత కన్నా కాస్త తక్కువ రావాలి. రెండూ సరిగ్గా సమానమైతే అనుమానించాల్సిందే!

రెండో సాక్షి పనిముట్టు. చేతిరంపం గాట్లు తిన్నగా, ఎగుడుదిగుడుగా వుంటాయి. యంత్రపు గుండ్రటి రంపం విల్లు వంపు గీతలు వదులుతుంది. మొన తేలిన మరమేకు వచ్చింది పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో. అంతకుముందు దాని మొన మొండిగా వుండేది. కాని ఒక్క మేకు చూసి తీర్పు చెప్పకూడదు సుమా! తర్వాత ఎవరో మరమ్మతు చేసి వుండవచ్చు.

మూడో సాక్షి అరుగుదల. మనిషి చేయి, కాలు తగిలేచోటే అది అరగాలి. కుర్చీ అంతటా సమానంగా అరిగితే అది వాడకం కాదు, గరుకు కాగితం.

ఇక దంతం. నిజమైన ఏనుగుదంతాన్ని అడ్డంగా కోసినచోట వల అల్లినట్టు ఒకదాన్నొకటి దాటే గీతలుంటాయి. ఎముకలో చిన్నచిన్న నల్లచుక్కలు కనిపిస్తాయి. ప్లాస్టిక్‌లో రెండూ వుండవు. కొందరు సూది కాల్చి గుచ్చి చూస్తారు. దానివల్ల సామాను పాడవుతుంది. ఒక మంచి భూతద్దం చాలు.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1986లో సవరించి మన ఏనుగు దంతం వ్యాపారాన్నీ, 1991లో మళ్ళీ సవరించి ఆఫ్రికా దంతం వ్యాపారాన్నీ నిషేధించారు. బ్రిటన్‌లో 2018 నాటి దంతం చట్టం 2022లో అమలులోకి వచ్చింది. మన 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువును సొంతంగా విదేశాలకు పంపరాదు. ఇది సబబే. ఏనుగు ప్రాణం కన్నా పెట్టె ఎక్కువ కాదు.

1989లో న్యూయార్కు క్రిస్టీస్ వేలంలో న్యూపోర్ట్ పనివారు చేసిన ఒక రాతబల్ల 1 కోటి 21 లక్షల డాలర్లు పలికింది. దాన్ని జాన్ గొడ్డార్డ్ చేశాడని నిపుణుల నమ్మకం. ఆ వడ్రంగి పేరు చరిత్రలో నిలిచింది. మన విశాఖ పెట్టెలు చేసినవారి పేర్లో? ఏ దొర కొన్నాడో రాసుకున్నారు గాని, ఎవరు చేశారో చాలావరకు రాయలేదు. ఆ ఉలిగాట్లే వాళ్ళ సంతకాలు.

అందుకే పాతసామానుకు చిత్రిక పట్టి కొత్త వార్నీషు కొట్టడమంటే ఆ సంతకం చెరిపెయ్యడమే. మా యింట్లో ముత్తాత నాటి టేకు భోషాణం వుంది. దంతం లేదు, నగిషీ లేదు. మూత లోపల బొగ్గుతో గీసిన ధాన్యం లెక్క మాత్రం వుంది. కిందటేడు ఒక పాతసామాన్ల వ్యాపారి వచ్చి, "ఎనిమిది వేలిస్తాను బాబూ, ఆ మసి గీకేస్తే చెక్క బాగుంటది" అన్నాడు. చెల్లి పెళ్ళి ముందుంది. ఎనిమిది వేలు మాకు చిన్న మొత్తం కాదు. "సూద్దాం లే" అన్నాడు నాన్న. యింకా తేల్చలేదు. నేను మాత్రం దాని కొలతలు, కీళ్ళ బొమ్మ, మూత మీది లెక్క, మా తాతమ్మ చెప్పిన వడ్రంగి పేరు నోటుబుక్కులో రాసిపెట్టాను.

మిత్రులారా! అవసరం వచ్చినప్పుడు అమ్మవద్దని చెప్పే హక్కు నాకు లేదు. సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు అటక మీది పెట్టెనో, తాతగారి పడక్కుర్చీనో ఒకసారి తిప్పి చూడండి. ఏ కర్ర, ఏ వూరు, ఎవరి చేయి – బతికున్న పెద్దవాళ్ళనడిగి రాసుకోండి. గీకవద్దు, రంగు వెయ్యవద్దు. వస్తువు పోయినా చేసినవాడి పేరు మిగులుతుంది. విశాఖ దంతపు పెట్టెల విషయంలో చాలావరకు ఆ మాత్రం పని జరగలేదు.