నాలుక చేపల రెండు కుటుంబములు

మన తీరగ్రామముల వలలలో పడు నాలుక చేప పుట్టుకలో అన్ని చేపలవంటిదే. నిటారుగా ఈదును, ఇరుప్రక్కల ఒక్కొక్క కన్నుండును. పెరుగుచుండగా ఒక కన్ను తలమీదుగా రెండవ ప్రక్కకు జరుగును. అటుపిమ్మట అది సముద్రపుటడుగున ప్రక్కవాటుగ పరుండి జీవించును.

కన్నులు పైకుండునట్లు, పొట్ట మనవైపునకు వచ్చునట్లు చేపను పెట్టి చూతము. తల ఎడమకున్నచో సైనోగ్లాసిడే కుటుంబము. కుడికున్నచో సోలీడే కుటుంబము. మొదటి పేరు గ్రీకున కుక్క నాలుక యను మాటలనుండి వచ్చినది. మన జాలరుల పేరే మర్యాదగా నున్నది! విశాఖపట్నపు చేపలపై 1803లో గ్రంథము వెలువరించిన పాట్రిక్ రస్సెల్ స్థానిక నామములనే వాడెను.

అడుగును ఈడ్చు ట్రాలు వలలకు ఇవి పిల్లలతోగూడ చిక్కును. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషిద్ధము. ఆ 61 దినములు సక్రమముగ గడచునట్లు చూడవలసినదిగా తీరపంచాయతీల సభ్యులను కోరుచున్నాము.