అభయారణ్యంలో అభయం ఎవరికి?

కృష్ణా నదికి రెండు వైపులా పరుచుకున్న నల్లమల 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ అయింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు అడవి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌గా వేరుపడింది. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి చెట్ల నడుమ పెద్దపులి, చిరుత, ఎలుగుబంటి, రేసుకుక్కలు, కణితులు, దుప్పులు బతుకుతున్నాయి. పులి ఉండాలంటే దుప్పులుండాలి. దుప్పులుండాలంటే గడ్డి, ఎండాకాలంలో ఇంకని చెలమలు ఉండాలి. ఈ లెక్క చెంచులకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

పులిని కాపాడాలన్న మాటతో మనకు పేచీ లేదు. ఆ పేరుతో ఎవరి బతుకును అడవి బయట పెడుతున్నారన్నదే మన ప్రశ్న.

చట్టం ఏం చెబుతోంది?

టైగర్ రిజర్వులో కోర్, బఫర్ అని రెండు భాగాలుంటాయి. కోర్‌లో మనుషుల అలికిడి ఉండకూడదంటారు. అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణ ప్రకారం అక్కడి జనాన్ని బలవంతంగా తరలించడానికి వీల్లేదు. ముందు వాళ్ల హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. జంతువులూ మనుషులూ కలిసి బతికే దారి లేదని తేలాలి. గ్రామసభ, బాధిత కుటుంబాలు అన్నీ తెలుసుకుని ఒప్పుకోవాలి.

దళితులకు 75 ఏళ్ల గోడ

అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం అడవి మీద బతికేవాళ్లను రెండు రకాలుగా చూస్తుంది. చెంచుల వంటి ఆదివాసులు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అక్కడ ఉన్నట్టు చూపితే చాలు. అడవి అంచున పశువులు కాస్తూ, తునికాకు కోస్తూ, చెలక దున్నుకునే మాదిగలు, మాలలు ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’. వాళ్లు ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడ ఉన్నట్టు రుజువు చేయాలి. లెక్కేస్తే 1930. అప్పుడు అమ్రాబాద్ నిజాం ఏలుబడిలో ఉంది. ఆనాడు వెట్టి చేస్తున్న మనవాళ్లకు కాగితం రాసిచ్చిందెవరు?

కాగితం లేకపోతే?

ఒక పొరపాటు చాలా చోట్ల జరుగుతోంది. 75 ఏళ్లు చూపాల్సింది నివాసానికి, అడవి మీద ఆధారపడటానికి. అదే చెలక 75 ఏళ్లుగా మన చేతిలో ఉండాలని కాదు. చెలక సాగు 2005 డిసెంబర్ 13కు ముందు మొదలై ఉంటే సరిపోతుంది.

నిబంధనల్లోని 13వ నియమం కాగితాలతో పాటు పెద్దల వాంగ్మూలాన్ని, పాత బావులను, శ్మశానాలను, పూజా స్థలాలను కూడా సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. ఒకటికి మించి సాక్ష్యాలుండాలి. ఊరి బావి దగ్గరికి రానివ్వక వేరే తవ్వుకోమన్నారు. ఊరి శ్మశానంలో చోటివ్వక వేరే పూడ్చుకోమన్నారు. ఆ వెలివేత గుర్తులే ఇవాళ మన తాతలు ఇక్కడ బతికారని చెప్పే సాక్ష్యాలు.

మన పని

తిరస్కరించిన దరఖాస్తుల వాళ్లను ఖాళీ చేయించాలని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశమంతా నిరసన లేచాక 28న ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. తిరస్కరణ అంటే ఎంత ప్రమాదమో ఆ పదిహేను రోజులు చూపించాయి. దరఖాస్తును తిరస్కరిస్తే కారణం రాతలో అడగాలి. 60 రోజుల్లోపు పై కమిటీకి అప్పీలు చేయాలి.

విద్యార్థులు సెలవుల్లో ఊరెళ్తే ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది రాసుకోండి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. బావులకు, సమాధులకు ఫొటోలు తీయండి. ఆ ముసలివాళ్లు వెళ్లిపోతే వాళ్లతో పాటు మన సాక్ష్యమూ పోతుంది.